ఐదు పైసల బిళ్ళలు

తపాలా బిళ్ళల సేకరణను రాజుల అభిరుచిగా పేర్కొనడం పరిపాటి. బ్రిటిష్ చక్రవర్తి ఐదవ జార్జి ఎంతో శ్రద్ధతో బిళ్ళలు సేకరించేవాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా అధ్యక్ష పదవి చేపట్టిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు కూడా ఇదే వ్యాపకం. వీరి పేర్లు విన్నవారికి ఇది ధనవంతుల వినోదమనిపించడం సహజం. ఇరవయ్యవ తేదీ రాకముందే జీతం అడుగంటే ఇంట ఇటువంటి అభిరుచికి చోటు ఉంటుందా అని మమ్మల్ని అడిగినవారు చాలామంది. ఉంటుందని మా అనుభవం. పైగా, చేతిలో డబ్బు లేని కాలంలోనే మేము బిళ్ళలను సరిగా చూడడం నేర్చుకొన్నామని సవినయంగా మనవి చేస్తున్నాము. ఆ అనుభవాన్ని సహోద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కరవు కాలపు కట్టుబాట్లు

1991వ సంవత్సరం మన దేశానికి గడ్డుకాలమన్న సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి వచ్చింది. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల వద్ద తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఆ నెలలోనే రూపాయి విలువను రెండు దఫాలుగా తగ్గించారు. ధరల పెరుగుదల రెండంకెలు దాటింది. దేశం బంగారం తాకట్టు పెట్టిన ఆ ఏడాదే మా ఇంటి నుండి కూడా ఒక జత గాజులు తాకట్టుకు వెళ్ళాయి. మేము అప్పుడు ఉంటున్న కాలనీ ఒక కర్మాగారానిది. ఆర్డర్లు తగ్గాయి, ఓవర్‌టైము ఆగింది. కొన్ని నెలలు జీతం రెండు వాయిదాలలో చేతికందింది. పాలవాడి ఖాతా, కిరాణా ఖాతా, పిల్లల ఫీజులు ఒకదానినొకటి తరుముకొంటూ వచ్చేవి.

మా ఇంట అప్పుడు మేము ఐదుగురం: మేమిద్దరమూ, ఇంటర్మీడియట్ చదువుతున్న అమ్మాయి, ఏడవ తరగతి అబ్బాయి, తాతగారు. తాతగారు పల్లెలో బడిపంతులుగా ఉంటూనే బ్రాంచి పోస్టాఫీసు కూడా నడిపినవారు. బిళ్ళల ఆల్బము ఆయన నుండి మాకు సంక్రమించినదే. ఇంటి పరిస్థితి చూసి ఆ వ్యాపకాన్ని పూర్తిగా కట్టిపెడదామన్న మాట ఒకనాటి రాత్రి భోజనాల వేళ వచ్చింది. తాతగారు ఒప్పుకోలేదు. "కట్టిపెట్టవద్దు. కట్టుబాటు పెట్టుకోండి, చాలు" అన్నారు.

ఆ విధంగా మూడు నియమాలు ఏర్పడ్డాయి. మొదటిది, ఇంటి ఖర్చుల డబ్బాలో నుండి బిళ్ళల కోసం ఒక్క రూపాయి కూడా తీయరాదు. రెండవది, బిళ్ళను బిళ్ళే సంపాదించాలి. అంటే మా వద్ద రెండేసి ఉన్నవాటిని ఇచ్చి లేనివాటిని తెచ్చుకోవాలి. మూడవది, ఎవరి ఉత్తరమైనా అడగకుండా ముట్టుకోరాదు. ఈ మూడింటినీ అబ్బాయి అట్టముక్క మీద రాసి గోడకు తగిలించాడు. గాజులు విడిపించుకొన్న తరువాత కూడా ఆ అట్ట చాలాకాలం అక్కడే ఉన్నది.

పళ్ళెం నీళ్ళు, పాత పత్రిక

కొత్త బిళ్ళలు కొనలేము కనుక మాకు దక్కేవి వాడిన బిళ్ళలే. అధికారుల అనుమతితో డిస్పాచ్ సెక్షనువారు పారవేసే కవర్లు ఇచ్చేవారు. పొరుగింటి నర్సమ్మగారి అన్న కువైటులో ఉండేవాడు. గోంగూర పచ్చడి సీసా అటు వెళితే కువైటు బిళ్ళలు ఇటు వచ్చేవి. కాలనీలో ఒరియా, బెంగాలీ, మలయాళీ, తమిళ కుటుంబాలు ఉండడం మాకు కలిసివచ్చింది. ఒక్కొక్కరి ఇంటికి ఒక్కొక్క ఊరి ఉత్తరం వచ్చేది.

వాడిన బిళ్ళను కవరు నుండి తీయడానికి ఓపిక తప్ప మరే పెట్టుబడీ అక్కరలేదు. బిళ్ళ చుట్టూ వేలెడు కాగితం ఉంచి కత్తిరించి, వెడల్పాటి పళ్ళెంలో మామూలు నీళ్ళు పోసి, బొమ్మవైపు పైకి ఉండేలా తేలవేయాలి. పావుగంటలో జిగురు కరిగి బిళ్ళ దానంతట అదే జారివస్తుంది. తొందరపడి లాగితే కాగితం పలుచబడి బిళ్ళ చెడుతుంది. ఎర్రని, ముదురు రంగు కవర్ల ముక్కలను మాత్రం వేరే పళ్ళెంలో వేయాలి; వాటి రంగు దిగి తక్కిన బిళ్ళలకు అంటుకొంటుంది. వెనుక మిగిలిన జిగురు కడిగి, తెల్ల కాగితంపై బోర్లించి ఆరనిచ్చి, ఆపై బరువైన పుస్తకం కింద రెండు రోజులు ఉంచితే చాలు. మా ఇంట ఆ బరువు పని తెలుగు నిఘంటువుదీ, రైల్వే టైంటేబిలుదీ.

ఆల్బముకు పిల్లల పాత డ్రాయింగు పుస్తకాలలో మిగిలిన పుటలు వాడాము. బిళ్ళలను పుటలకు అంటించే సన్నని కీలు కాగితాలు దుకాణంలో దొరుకుతాయి కాని వాటికీ డబ్బు కావాలి. పూర్వం తపాలా కార్యాలయంలో బిళ్ళల షీటు చింపినప్పుడు చుట్టూ మిగిలే జిగురు అంచులనే సేకరణకర్తలు అందుకు వాడుకొనేవారు. తాతగారికి ఆ కిటుకు తెలుసు. మా పోస్టుమాస్టరుగారు ఆ అంచులను మా అబ్బాయి కోసం దాచి ఉంచేవారు. కొత్త చొక్కాలు వచ్చే పారదర్శకమైన సంచులు కత్తిరించి, పెండ్లి శుభలేఖల అట్టలకు వరుసలుగా అంటించి, రెండేసి ఉన్న బిళ్ళలను వాటిలో భద్రపరిచేవారము.

సామాన్యమైన బిళ్ళలో అసామాన్యం

వెల ఎక్కువ ఉన్న బిళ్ళ మన చేతికి రాదు. కాని లక్షల సంఖ్యలో అచ్చయిన సామాన్యమైన బిళ్ళలలోనే చూడవలసినది ఎంతో ఉన్నది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు అమలులోకి వచ్చినప్పుడు, అణాల స్థానంలో నయాపైసలతో, భారతదేశపు పటం బొమ్మతో కొత్త బిళ్ళల వరుస వెలువడింది. అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఒక సాయంత్రం అమ్మాయి ఒకే 5 నయాపైసల బిళ్ళలు రెండింటిని నల్లపలక మీద బోర్లించి చూసింది. ఒకదాని కాగితంలో నక్షత్రాల గుర్తు ఉన్నది. రెండవదానిలో అశోక స్తంభపు సింహాల గుర్తు. కాగితం తయారీలోనే వేసే ఈ నీటిగుర్తు 1958లో మారింది. ముందువైపు నుండి చూస్తే రెండూ కవలపిల్లలే. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ మా వద్దనున్న పటం బిళ్ళలన్నింటినీ తిరగవేసి చూసుకొన్నాము. ఖర్చు ఏమీ లేదు. పదకొండు గంటలైనట్లు కూడా తెలియలేదు.

ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే వరుస మరొకటి కలదు. 1955 జనవరి 26న మొదటి పంచవర్ష ప్రణాళిక సందర్భంగా విడుదలైన వరుస అది. అందులో రాట్నం తిప్పే స్త్రీ, చేనేత మగ్గం, ఎడ్లతో నీరు తోడే బావి, దామోదర్ లోయ ఆనకట్ట ఒక వైపు. చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారం, బెంగుళూరు విమాన కర్మాగారం, సింద్రీ ఎరువుల కర్మాగారం మరొక వైపు. రాట్నం వెల 2 అణాలు, సింద్రీ వెల 5 రూపాయలు. అన్నింటికంటె పైన, 10 రూపాయల బిళ్ళ మీద ఉక్కు కర్మాగారం. భిలాయి, రూర్కెలా కొలుములు వెలిగినది 1959లో. అంటే అంతకు నాలుగేళ్ళ ముందే ఆ ఆశ బిళ్ళ మీదకు ఎక్కింది. మా ఆల్బములో ఆ వరుసకు ఒక పుట కేటాయించి, పై విలువల గళ్ళను ఖాళీగానే ఉంచాము. ఖాళీ గడి మీద బిళ్ళ పేరు, వెల పెన్సిలుతో రాసి ఉండేది. ఉక్కు కర్మాగారపు గడి నేటికీ ఖాళీయే.

కష్టకాలం అచ్చొత్తిన గుర్తులు

ఇబ్బందులలో ఉన్నది మేమొక్కరమే కాదని ఆల్బమే మాకు చెప్పేది. కష్టకాలంలో ప్రభుత్వాలు కూడా పాత చీరకు కొత్త అంచు కుట్టినట్లు పాత బిళ్ళ మీద కొత్త మాట అచ్చువేసి వాడుకొంటాయి. 1947లో పాకిస్తాను ఏర్పడినప్పుడు ఆ దేశానికి సొంత బిళ్ళలు లేవు. ఆరవ జార్జి బొమ్మ ఉన్న భారతీయ బిళ్ళల మీద "పాకిస్తాన్" అని ముద్రించి అక్టోబరు 1 నుండి చలామణిలో పెట్టారు. బంగ్లాదేశ్ స్వతంత్రమైన తొలినాళ్ళలో అక్కడి తపాలా సిబ్బంది పాకిస్తాను బిళ్ళల మీదే రబ్బరు ముద్రతో తమ దేశం పేరు వేసుకొన్నారు.

ఆ 1971లోనే దాదాపు కోటిమంది శరణార్థులు తూర్పు బెంగాలు నుండి మన దేశానికి వచ్చారు. వారి సహాయార్థం నవంబరు 15 నుండి టపాపై 5 పైసల అదనపు సుంకం విధించారు. అప్పటికి వాడుకలో ఉన్న 5 పైసల కుటుంబ నియంత్రణ బిళ్ళ మీద శరణార్థుల సహాయం అన్న మాటను అచ్చొత్తి అమ్మారు. ముద్రిత బిళ్ళలు అందనిచోట స్థానికంగా రబ్బరు ముద్రలు వేసుకొన్నారు. డిసెంబరు 1న అందుకోసమే చేసిన ప్రత్యేక బిళ్ళ వచ్చింది. 1973 మార్చి ఆఖరు వరకు ఆ సుంకం కొనసాగింది. అంటే ఆ పదహారు నెలలూ దేశంలో ఉత్తరాలు రాసిన సామాన్యులెందరో ముక్కూముఖం ఎరుగని నిరాశ్రయులకు ఐదేసి పైసలు పంపినారన్నమాట. మా ఇంటి పాత ఉత్తరాలలో అటువంటి కవర్లు పదకొండు దొరికాయి. వాటిని బిళ్ళ కోసం కత్తిరించక, కవర్లుగానే ఉంచుకొన్నాము.

అబ్బాయికి ఎవరో ఇచ్చిన విదేశీ బిళ్ళల పొట్లంలో 1923 నాటి జర్మనీ బిళ్ళ ఒకటి వచ్చింది. దాని మీద వెల 5,000 కోట్ల మార్కులు! వాడు దానిని పట్టుకొని ఇల్లంతా గంతులు వేశాడు. ఆనాడు జర్మనీలో డబ్బు విలువ ఎంత పతనమైనదంటే, ఉత్తరం పంపడానికి కోట్ల మార్కులు కావలసివచ్చేవి. అటువంటి బిళ్ళలు నేటికీ కొద్ది పైకానికే దొరుకుతాయి. ధరల పెరుగుదల అంటే ఏమిటో పాఠ్యపుస్తకం కంటె ఆ బిళ్ళ వాడికి బాగా బోధించింది.

ఊరి పేరు మోసే ముద్ర

బిళ్ళతో సమానంగా మమ్మల్ని ఆకర్షించినది దానిపై పడే తపాలా ముద్ర. ముద్రకు ఎవరూ వెల కట్టరు. మన దేశంలో ప్రభుత్వరంగ సంస్థల వలన కొత్తగా ఊళ్ళు వెలిశాయి, చిన్న ఊళ్ళు పెద్దవయ్యాయి. భిలాయి, రూర్కెలా, బొకారో, నైవేలి, కోర్బా, రామచంద్రాపురం, ఉక్కునగరం. బదిలీపై వెళ్ళిన స్నేహితులు ఆ ఊళ్ళ నుండి రాసిన ఉత్తరాల ముద్రలు స్పష్టంగా ఉన్నవాటిని ఏరి, ఒక పుటపై భారతదేశపు పటం గీసి ఆయా స్థానాలలో అమర్చాము. "మిత్రమా, ఉత్తరం వేసేటప్పుడు ముద్ర చెదరకుండా వేయమని మీ పోస్టాఫీసులో చెప్పు" అని రాస్తే, ఆ మిత్రులు నిజంగానే వెళ్ళి చెప్పేవారు. వారిలో కొందరు నేడు లేరు. వారి దస్తూరీ, వారు పనిచేసిన ఊరి పేరు, ఆనాటి తేదీ ఆ పుటలో ఉన్నాయి.

అమ్మినవి, అమ్మనివి

ఈ కథలో కొంచెం బాధాకరమైన ఘట్టం కూడా ఉన్నది. 1993లో అమ్మాయికి సాంకేతిక కళాశాలలో సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు డిపాజిట్టు కలిపి వారం రోజులలో 2,700 రూపాయలు కట్టాలి. ప్రావిడెంటు ఫండు అప్పు అప్పటికే తీసుకొని ఉన్నాము. చిట్టీ పాట అయిపోయింది. తెలిసినవారి ద్వారా నగరం నుండి బిళ్ళల వ్యాపారి ఒకాయన వచ్చి ఆల్బములు చూశారు.

తాతగారి ఆల్బములో నిజాము ప్రభుత్వపు బిళ్ళలు ఉండేవి. హైదరాబాదు సంస్థానం 1869 నుండి సొంత బిళ్ళలు వేసుకొన్నది. 1931లో వెలువడిన వరుసలో చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగరు, అజంతా గుహల ముఖద్వారం చూడముచ్చటగా ఉంటాయి. వాటితోపాటు 1948 ఆగస్టు 15న విడుదలైన గాంధీజీ బిళ్ళలలో మూడు, వాడనివి, ఉన్నాయి. స్విట్జర్లాండులో అచ్చయిన ఆ బిళ్ళలను తాతగారు బెజవాడలోని బంధువుల ద్వారా తెప్పించుకొన్నారు. నాలుగవది 10 రూపాయలది. బడిపంతులు జీతానికి ఆనాడే అది అందలేదు.

వ్యాపారి నిజాము పుటలకు, గాంధీ బిళ్ళలకు కలిపి 3,000 రూపాయలు ఇస్తానన్నారు. మేము నీటిలో నానబెట్టి తీసిన బిళ్ళల పుటలను రెండు నిమిషాలలో తిప్పివేసి, "ఇవి కిలోల లెక్కన పోయేవండీ. మీరే ఉంచుకోండి" అన్నారు. మాటలో ఎగతాళి లేదు. మార్కెటు సంగతి చెప్పారు.

అమ్మాయి ఒప్పుకోలేదు. "తాతయ్యా, నాకోసం వద్దు. వచ్చే ఏడాది చేరతాను" అని కన్నీళ్ళు పెట్టుకొన్నది. తాతగారు ఆమె తల నిమిరి, "పిచ్చితల్లీ, ఆ బిళ్ళలు ఎక్కడికీ పోవు. ఇంకొకరి పుస్తకంలో ఉంటాయి. నీ సీటు మాత్రం ఉండదు" అన్నారు. ఆయనే పట్టకారు తెప్పించుకొని, ఒక్కొక్క బిళ్ళనూ స్వయంగా తీసి కాగితంలో చుట్టి ఇచ్చారు. చార్మినారు బిళ్ళ ఉన్నచోట "మా నాన్న రాసిన ఉత్తరం నుండి" అని పెన్సిలుతో రాసుకొన్న మాట పుట మీద మిగిలిపోయింది. ఆ సాయంకాలం ఇంట ఎవరమూ ఎక్కువ మాట్లాడుకోలేదు. మరునాడు ఫీజు కట్టాము.

అమ్మాయి చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన రెండవ ఏడాది నగరంలో అణా వెల గల చార్మినారు బిళ్ళ ఒకటి కొని తెచ్చింది. వాడినది కనుక కొద్ది రూపాయలకే వచ్చింది. తాతగారు కళ్ళద్దాలు సవరించుకొని చూసి సంతోషించారు. కాని పెన్సిలు రాత ఉన్నచోట దానిని పెట్టనివ్వలేదు. "ఇది నువ్వు తెచ్చినది. దీనికి వేరే చోటు ఇయ్యి" అన్నారు. ఆ పుటలో ఆ చోటును అలాగే ఉంచాము.

నాడు వ్యాపారి తీసుకొన్నవన్నీ డబ్బు పెడితే మళ్ళీ దొరికేవే. ఆయన వద్దన్న శరణార్థుల సహాయపు కవర్లు, టౌన్‌షిప్పుల ముద్రలు, తాతగారికి ఆయన శిష్యులు రాసిన ఉత్తరాలు మాత్రం ఎంత పెట్టినా మరొకచోట దొరకవు. మేము నేటికీ తరచు తీసి చూసుకొనేది వాటినే. అందువలన ఆ అమ్మకాన్ని తలచుకొన్నప్పుడు బాధ కలుగుతుంది కాని, పశ్చాత్తాపం కలగదు.

ఈనాడు మొదలుపెట్టేవారికి

ఇప్పుడు ఇంటికి ఉత్తరం రావడమే అరుదైపోయింది. రిజిస్టర్డు పోస్టు సైతం 2025లో స్పీడ్ పోస్టులో విలీనమైనది. కవరు మీద బిళ్ళకు బదులు యంత్రం వేసిన చీటీయే ఎక్కువ. అయినా, తక్కువ ఖర్చుతో ఈ అభిరుచిని చేపట్టదలచినవారికి మార్గాలు లేకపోలేదు. తపాలాశాఖ ఫిలాటెలిక్ బ్యూరోలో 200 రూపాయలతో డిపాజిట్టు ఖాతా తెరిస్తే, కొత్త బిళ్ళలు ముఖవిలువకే అందుతాయి. ఆరు నుండి తొమ్మిదవ తరగతి వరకు చదివే విద్యార్థులకు ఈ అభిరుచి ప్రాతిపదికపై ఏడాదికి 6,000 రూపాయల ఉపకారవేతనం ఇచ్చే దీన్ దయాళ్ స్పర్శ్ పథకాన్ని 2017లో ప్రారంభించారు. అన్నీ సేకరించాలనుకోక ఏదో ఒక అంశం ఎంచుకొనడం మేలు. తెలుగువారినే తీసుకొంటే త్యాగరాజస్వామి (1961), కందుకూరి వీరేశలింగం (1974), అల్లూరి సీతారామరాజు (1986) బిళ్ళలతో చక్కని పుట తయారవుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైన మనవి ఒకటి. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడో, పండుగకు ఇల్లు దులిపేటప్పుడో అటక మీద పాత ఉత్తరాల కట్ట కనిపిస్తే, దయచేసి దానిని చిత్తుకాగితాలవాడికి వేయకండి. బిళ్ళ కోసం తొందరపడి కత్తిరించనూ వద్దు. ముందుగా ఇంటిల్లిపాదీ కూర్చొని ఆ ఉత్తరాలు చదవండి. ఆ పైన ముద్రలోని ఊరి పేరు, తేదీ చూడండి. ఆనాడు ఆ ఉత్తరానికి ఎన్ని పైసలు పట్టిందో పిల్లలకు చూపించండి. అందుకు కావలసినది ఒక ఆదివారం మధ్యాహ్నం, శుభ్రమైన చేతులు, అంతే.